సిలిండర్ లైనర్: కదలిక, అరుగుదల

పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్ లోపలి గోడను విడి గొట్టంగా చేసి ఇంజన్ బ్లాక్‌లో అమర్చితే ఆ గొట్టాన్ని సిలిండర్ లైనర్ అంటారు. స్లీవ్ అన్న పేరూ వాడుకలో ఉంది. మండే వాయువుల వేడిని, ఒత్తిడిని భరించడం, పిస్టన్ రింగులకు నూనె నిలిచే దారి ఇవ్వడం, వేడిని కూలెంట్‌కు అందించడం దీని పనులు. బ్లాక్ మొత్తం పోత ఇనుముదైతే లైనర్ తప్పనిసరి కాదు. ఆ ఇనుములోనే బోరు తొలవవచ్చు, ఇప్పటికీ ఎన్నో ఇంజన్లలో అంతే. బరువు తగ్గించడానికి బ్లాక్‌ను అల్యూమినియంతో పోయడం మొదలయ్యాక అసలు చిక్కు వచ్చింది. మామూలు అల్యూమినియం మిశ్రమం రింగుల రాపిడికి ఆగదు కాబట్టి లోపల ఇనుప గొట్టం పెట్టాలి. పెడితే రెండు లోహాలూ వేడికి రెండు రకాలుగా సాగుతాయి. ఎక్కువ శక్తినిచ్చే ఇంజన్లలో లైనర్ చరిత్ర చాలావరకు ఈ పొసగని జంటను కలిపి ఉంచడానికి పడ్డ పాట్ల చరిత్ర.

సర్వీసు పుస్తకాలు లైనర్ కదలడాన్ని ఒక లోపంగా, అరగడాన్ని మరో లోపంగా రాస్తాయి. ఈ విభజన చదువుకోవడానికి అనుకూలమే గాని ఇంజన్ లోపల అది నిలవదు. లైనర్ వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా, గుండ్రదనం చెడినా రింగుకూ గోడకూ మధ్య నూనె పొర అక్కడ చిట్లుతుంది, అరుగుదల అక్కడే మొదలవుతుంది. కాబట్టి ముందు కదలిక గురించే చెప్పుకోవాలి.

అమర్చే పద్ధతులు

పొడి లైనర్ బయటి ముఖమంతా బ్లాక్ లోహానికి అంటుకుని ఉంటుంది, కూలెంట్ దాన్ని తాకదు. గోడ పలచనగా, తరచు 2, 3 మి.మీ. మందంలో ఉంటుంది. భారం మోసేది బ్లాక్, రాపిడిని తట్టుకునేది లైనర్. తడి లైనర్‌కు వెలుపల నేరుగా కూలెంట్ తగులుతుంది. అది తన బలం మీదే నిలవాలి కాబట్టి గోడ మందంగా ఉంటుంది. పైన అంచు, కింద రబ్బరు రింగులు కూలెంట్‌ను ఆపుతాయి. భారీ డీజిల్ ఇంజన్లలో తడి లైనర్ల వాడకం ఎక్కువ, ఎందుకంటే అరిగిన గొట్టాన్ని లాగేసి కొత్తది వేస్తే బ్లాక్ మళ్ళీ పనికొస్తుంది. మన ఆటోనగర్లలో లైనర్, పిస్టన్, రింగులు, పిన్ను కలిపి సెట్‌గా అమ్మేది ఇందుకే. పందెపు కార్లలోనూ తడి లైనర్‌కు గొప్ప వంశమే ఉంది. 1967లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్‌వి తడి లైనర్లే.

మూడోది, బ్లాక్‌ను పోసేటప్పుడే ఇనుప గొట్టాలను అచ్చులో నిలబెట్టి చుట్టూ అల్యూమినియం పోయడం. గొట్టం బయటి ముఖాన్ని కావాలనే గరుకుగా ఉంచుతారు, కరిగిన లోహం ఆ గరుకులోకి దిగి గట్టిపడుతుంది. నేటి కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇలా పోసిన గొట్టం ఊడి రావడం చాలా అరుదు.

వేడికి సడలే బిగింపు

పొడి లైనర్‌ను బ్లాక్ రంధ్రం కంటే రవ్వంత పెద్దదిగా చేస్తారు. బ్లాక్‌ను వేడిచేసి రంధ్రం పెరిగాక గొట్టాన్ని దించుతారు, చల్లారాక బ్లాక్ దాన్ని బిగపట్టుకుంటుంది. కమ్మరి ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగే సూత్రమే ఇది. తేడా ఒక్కటే, బండి చక్రాన్ని మళ్ళీ ఎవరూ కాల్చరు, ఇంజన్ మాత్రం ప్రతి ప్రయాణంలోనూ వేడెక్కుతుంది.

లెక్క చూద్దాం. ఒక డిగ్రీ సెల్సియస్ వేడి పెరిగితే మీటరు పోత ఇనుము సుమారు 11 మైక్రాన్లు సాగుతుంది, మీటరు అల్యూమినియం మిశ్రమం దాదాపు 22 మైక్రాన్లు. బయటి వ్యాసం 100 మి.మీ. ఉన్న లైనర్‌ను తీసుకుంటే, 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కినప్పుడు అల్యూమినియం రంధ్రం దాదాపు 0.18 మి.మీ. పెరుగుతుంది, ఇనుప గొట్టం 0.09 మి.మీ. మాత్రమే. అంటే చల్లగా ఉన్నప్పుడున్న బిగింపులో 0.09 మి.మీ. కరిగిపోతుంది. నడుస్తున్న ఇంజన్‌లో లైనర్ బ్లాక్ కంటే వేడిగా ఉంటుంది కాబట్టి ఆ లోటు కొంత పూడుతుంది. కూలెంట్ కారిపోయి బ్లాక్ ఒక్కసారి అతిగా వేడెక్కితే మాత్రం ఆ పూడిక చాలదు.

ఈ లెక్క నిజజీవితంలో ఎలా ఫలించిందో చూడటానికి రోవర్ వీ8 కంటే మంచి ఉదాహరణ లేదు. దీని మూలం 1961 మోడల్ కార్ల కోసం అమెరికాలో బ్యూక్ తయారుచేసిన 215 ఘనపు అంగుళాల అల్యూమినియం ఇంజన్. అందులో ఇనుప లైనర్లు పోతలోనే కలిసి ఉండేవి. దాని దగ్గరి బంధువైన ఓల్డ్స్‌మొబీల్ బ్లాక్ ఆధారంగా ఆస్ట్రేలియాలో రెప్కో తయారుచేసిన మూడు లీటర్ల ఇంజన్‌తో జాక్ బ్రాబమ్ 1966లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బ్రిటిష్ సంస్థ రోవర్ 1965లో బ్యూక్ ఇంజన్ హక్కులు కొని, పోత పద్ధతి మార్చి, లైనర్లను తర్వాత నొక్కి దించే ఏర్పాటు చేసింది. 1967లో కార్లలోకి, 1970లో రేంజ్ రోవర్‌లోకి వచ్చిన ఈ ఇంజన్ మోర్గన్, టీవీఆర్ వంటి స్పోర్ట్స్ కార్లకూ గుండె అయింది.

3.5 లీటర్ల రూపంలో బోరు 88.9 మి.మీ. చుట్టూ లోహం తగినంత ఉండేది, మొండి ఇంజన్‌గా పేరు తెచ్చుకుంది. తర్వాత 3.9, 4.0, 4.6 లీటర్ల కోసం బోరును 94 మి.మీ.కి పెంచారు. బ్లాక్ బయటి కొలతలు మారలేదు గనక లైనర్ వెనక అల్యూమినియం గోడ పలచబడింది. పోతలో ఇసుక దిమ్మ కాస్త జరిగితే ఒక పక్క ఇంకా పలచన అవుతుంది. అతిగా వేడెక్కిన ఇంజన్లలో ఈ గోడ హెడ్ బోల్టు రంధ్రాల దాపున చీలేది. కూలెంట్ చీలికలోంచి లైనర్ వెనక్కి చేరి, అక్కడి నుంచి పైకి పాకి దహన గదిలోకి వెళ్ళేది. కారణం తెలియకుండా కూలెంట్ తగ్గిపోవడం, హెడ్ విప్పితే ఒక్క పిస్టన్ తల మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా కనబడటం దీని ఆనవాళ్ళు.

రెండో లోపం నేరుగా కదలికే. బిగింపు సడలిన లైనర్‌ను పిస్టన్ తనతో పాటు పైకీ కిందికీ లాగుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు శబ్దం ఉండదు, వేడెక్కాక టిక్కు టిక్కు మని మొదలవుతుంది. వాల్వు ట్యాపెట్ల చప్పుడని పొరబడి వాటిని మార్చి డబ్బు పోగొట్టుకున్న యజమానులు ఎందరో. కదిలే లైనర్ అంచు పైన హెడ్ గ్యాస్కెట్‌ను కొట్టి నలుపుతుంది. దీనికి నిలిచే మరమ్మతు ఒక్కటే: పాత గొట్టాలను తొలిచేసి, పైన అంచు ఉన్న, అంటే టోపీ ఆకారపు లైనర్లు వేయడం. అంచు బ్లాక్ పైభాగంలో చెక్కిన గాడిలో కూర్చుంటుంది, హెడ్ బిగించగానే అది గాడికీ గ్యాస్కెట్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. వేడికి చుట్టూ పట్టు సడలినా గొట్టం పోవడానికి దారి ఉండదు. ఈ పద్ధతి చాలా కాలంగా తెలిసినదే. కర్మాగారం నుంచే అలా వచ్చి ఉంటే ఈ ఇంజన్ చివరి సంవత్సరాల అపకీర్తి చాలావరకు తప్పేది.

ఎత్తులో వెంట్రుకవాసి

తడి లైనర్‌లో కదలిక మరో రూపంలో వస్తుంది. లైనర్ పై అంచు బ్లాక్ తలం కంటే ఒక మిల్లీమీటరులో వందో వంతులు కొన్ని పైకి ఉండాలి. హెడ్ బిగించినప్పుడు ఆ కొద్ది ఎత్తే గ్యాస్కెట్‌ను నలిపి వాయువులను లోపల బంధిస్తుంది. లైనర్ కూర్చున్న మెట్టు నొక్కుకుపోయి గొట్టం దిగినా, పక్కపక్క లైనర్ల ఎత్తుల్లో తేడా వచ్చినా గ్యాస్కెట్ ఆ చోట ఓడిపోతుంది.

1980ల చివర్లో వచ్చిన రోవర్ కే-సిరీస్ పెట్రోలు ఇంజన్ ఈ పాఠాన్ని లక్షల మందికి నేర్పింది. హెడ్, బ్లాక్, కింది భాగం అన్నింటినీ పది పొడవైన బోల్టులు పై నుంచి కింది దాకా కలిపి బిగిస్తాయి. ఎంతో తేలికైన, తెలివైన రచన. మొదట 1.1, 1.4 లీటర్లకు గీసిన ఈ ఇంజన్‌ను 1.8 లీటర్లకు పెంచి 1995లో ఎంజీఎఫ్‌లో, 1996లో లోటస్ ఎలీజ్‌లో వాడారు. బోరు 75 నుంచి 80 మి.మీ. అయింది, లైనర్లు దాదాపు ఒకదాన్నొకటి ఆనుకునేంత దగ్గరయ్యాయి. కూలెంట్ పరిమాణం తక్కువ, థర్మోస్టాట్ ఉన్న చోటు వల్ల చల్లని నీరు ఒక్కసారిగా వేడి ఇంజన్‌లోకి వచ్చేది, హెడ్‌ను బ్లాక్ మీద సరిగా నిలిపే పిన్నులు ప్లాస్టిక్‌వి. హెడ్ పక్కకు సన్నగా జరగడం, లైనర్ ఎత్తు చాలకపోవడం కలిసి గ్యాస్కెట్‌ను తినేశాయి. తర్వాత ఉక్కు పిన్నులు, ఉక్కు రేకుల పొరల గ్యాస్కెట్, బలమైన కింది పట్టీ వచ్చాయి. లైనర్ ఎత్తు కొలవకుండా కొత్త గ్యాస్కెట్ వేసిన మరమ్మతు మాత్రం ఏ సరంజామాతోనూ ఎక్కువ కాలం నిలవలేదు.

విమాన ఇంజన్లకూ ఇది కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన 27 లీటర్ల రోల్స్-రాయిస్ మెర్లిన్‌లో మొదట హెడ్, సిలిండర్ కవచం ఒకే పోతగా ఉండేవి. తడి లైనర్ పై అంచు హెడ్‌ను కలిసే చోట గ్లైకాల్ కూలెంట్ కారేది. హెడ్‌ను, కవచాన్ని రెండు ముక్కలుగా విడదీసి లైనర్ అంచును వాటి మధ్య గట్టిగా నొక్కే రచనతో ఆ సమస్య తీరింది.

పక్కకు తోసే బలం

ఎక్కువ శక్తి తీసే ఇంజన్లలో లైనర్‌కు ఇంకో శత్రువు పిస్టన్ పక్క ఒత్తిడి. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పిస్టన్ మీద పడ్డ బలంలో కొంత గోడ మీదికి మళ్ళుతుంది. 86 మి.మీ. బోరు టర్బో ఇంజన్‌లో దహన ఒత్తిడి 120 బార్‌కు చేరితే పిస్టన్ మీద పడే బలం దాదాపు ఏడు టన్నులు. రాడ్ కొద్దిగా వాలిన ఆ క్షణంలో అందులో పదో వంతు, అంటే ఏడు వందల కిలోల బరువంత బలం గోడను పక్కకు నెడుతుంది. నిమిషానికి 7,000 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు సెకనుకు 58 సార్లు ఈ తోపు తగులుతుంది.

ఓపెన్ డెక్ బ్లాక్‌లో సిలిండర్ల పైభాగం చుట్టూ కూలెంట్ ఖాళీ మాత్రమే ఉంటుంది, పై కొసకు ఆధారం లేదు. పోత తేలిక, చల్లదనం బాగా అందుతుంది, మామూలు వాడకానికి ఇది చక్కని పద్ధతి. హోండా నాలుగు సిలిండర్ల ఇంజన్లకు టర్బో తగిలించి శక్తిని రెండింతలు, మూడింతలు చేసేవారికి మాత్రం సిలిండర్ పై కొస ఊగడం పెద్ద బెడద. ఊగే కొస గ్యాస్కెట్‌ను కోస్తుంది, చివరికి గోడే చీలుతుంది. ఖాళీలో అల్యూమినియం పలక దిగేసే చౌక మార్గం ఉంది గాని అది కూలెంట్ దారిని అడ్డుకుని అత్యంత వేడి చోటునే మరింత వేడెక్కిస్తుంది, బోరు గుండ్రదనాన్నీ చెడగొట్టవచ్చు. పై అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఒకే పలకలా కూర్చునే బలమైన స్లీవులు వేయడం ఖరీదైనా సరైన పని. సుబారు టర్బో ఇంజన్లలో ఆ పై ఖాళీని చాలావరకు లేదా కొంతమేర మూసే క్లోజ్డ్, సెమీ-క్లోజ్డ్ డెక్ బ్లాకులు వాడటానికీ కారణం ఇదే.

బోల్టు బిగింపు కూడా గోడను కదిలిస్తుంది. హెడ్ బోల్టులు బిగించగానే వాటి దాపున లోహం లాగుకుపోయి, గుండ్రంగా తొలిచిన బోరు నాలుగు మూలలు తేలినట్టు అవుతుంది. తేడా మైక్రాన్లలోనే ఉంటుంది, రింగుకు మాత్రం అది తెలుస్తుంది. అందుకే మంచి యంత్రశాలలు హెడ్ బదులు మందపాటి ఉక్కు పలకను అసలు బిగింపుతో బ్లాక్‌కు బిగించి, ఆ ఒత్తిడిలోనే బోరును హోనింగ్ చేస్తాయి, అంటే రాయితో రుద్ది చివరి కొలతకు తెస్తాయి.

అరుగుదల ఎక్కడ, ఎందుకు

లైనర్ పొడవునా ఒకేలా అరగదు. పిస్టన్ పై చివరకు చేరినప్పుడు మొదటి రింగు ఆగే చోట అరుగుదల అన్నిటికంటే ఎక్కువ. పిస్టన్ వేగంగా పోతున్నప్పుడు రింగు నూనె మీద తేలుతుంది. చివర్లో వేగం సున్నా అవుతుంది, నూనెను లోనికి లాగే చలనం ఉండదు, ఆ కాస్త నూనె కూడా మంట వేడికి పలచబడుతుంది. సరిగ్గా అప్పుడే దహన ఒత్తిడి రింగు వెనక చేరి దాన్ని గోడకు అదుముతుంది. ఆ గీత కింద గోడ తరిగి, పైన రింగు చేరని భాగం అలాగే మిగలడం వల్ల గోరుకు తగిలే మెట్టు ఏర్పడుతుంది. పక్క ఒత్తిడి పడే వైపు ఎక్కువ తరగడంతో బోరు కోలగా కూడా మారుతుంది.

కారణాల్లో అందరికీ తెలిసినది ధూళి. గాలి ఫిల్టర్ దాటి వచ్చిన ఇసుక రేణువు రింగుకూ గోడకూ మధ్య ఆకురాయి పని చేస్తుంది. తక్కువగా తెలిసినది తుప్పు. బ్రిటన్‌లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఆటోమొబైల్ ఇంజనీర్స్ కోసం సి. జి. విలియమ్స్ 1930లలో చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని బయటపెట్టాయి. చల్లని గోడ మీద దహన ఆవిరి ఆమ్లంగా చెమర్చి ఇనుమును తింటుంది, రింగు ఆ తుప్పును తుడిచేసి కొత్త లోహాన్ని ఆమ్లానికి అప్పగిస్తుంది. రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆగే కారు, రహదారిలో వందల కిలోమీటర్లు పోయే కారు కంటే కిలోమీటరుకు ఎక్కువ అరగడానికి ముఖ్య కారణం ఇదే.

మూడోది ఒరుసుకుపోవడం. నూనె పొర పూర్తిగా తెగితే రింగు, గోడ ఒకదానికొకటి క్షణకాలం అతుక్కుని చిరుగుతాయి. పందెపు ఇంజన్లలో చావు తరచు ఈ దారినే వస్తుంది, నిమిషాల్లో ముగుస్తుంది. వేగం కూడా తక్కువేమీ కాదు. హోండా ఎస్2000 ఇంజన్ 84 మి.మీ. స్ట్రోక్‌తో నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంటే పిస్టన్ సగటు వేగం సెకనుకు 25 మీటర్లు దాటుతుంది.

నూనెను గోడ మీద నిలిపేది హోనింగ్ గీతలు. రాయితో ఏటవాలుగా రెండు దిక్కుల్లో గీసిన ఈ గాట్లు నూనెను పట్టి ఉంచుతాయి, గాట్ల మధ్య శిఖరాలను సన్నరాయితో చదును చేస్తే రింగు సాఫీగా నడుస్తుంది. పిస్టన్ పై అంచున పేరుకున్న మసి ఈ గీతలను తుడిచేస్తే గోడ అద్దంలా మెరుస్తుంది. చూడటానికి అందంగా ఉండే ఆ మెరుపు చెడ్డ లక్షణం, ఇంజన్ ఆయిల్ తాగడం అక్కడి నుంచి మొదలవుతుంది.

తడి లైనర్‌కు వెలుపలి నుంచి కూడా ముప్పుంది. పిస్టన్ ఒక పక్క నుంచి మరో పక్కకు తట్టినప్పుడు గొట్టం కంపిస్తుంది. గోడ వెనక్కి తగ్గిన ప్రతిసారీ కూలెంట్‌లో ఆవిరి బుడగలు పుట్టి, మరుక్షణం పగిలి, గోడను సూదులతో పొడిచినట్టు గుంటలు చేస్తాయి. పక్క ఒత్తిడి పడే వైపు నిలువు వరుసలో మొదలైన గుంటలు చివరికి గోడను ఛేదిస్తాయి. డీజిల్ ఇంజన్ల కూలెంట్‌లో ప్రత్యేక రసాయనాలు కలిపేది ఇందుకే. రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు పోసి నడిపే లారీ లైనర్‌కు లోపలి అరుగుదల కంటే ఈ వెలుపలి చిల్లులే ముందు రావచ్చు.

లైనరే లేకుండా

రెండు లోహాల గొడవను తప్పించడానికి ఇనుప గొట్టాన్నే తీసేసిన ప్రయత్నాలు ఉన్నాయి. 1970లో వచ్చిన షెవ్రొలే వేగా బ్లాక్‌లో సుమారు 17 శాతం సిలికాన్ ఉన్న అల్యూమినియం వాడి, పై పొరను రసాయనంతో కరిగించి గట్టి సిలికాన్ గింజలను బయటికి తేల్చారు. ఆలోచన మంచిది. ఓపెన్ డెక్ బ్లాక్, చాలని కూలింగ్ వల్ల ఇంజన్ అతిగా వేడెక్కి బోర్లు చెడిపోవడంతో ఆ కారు పేరు పోయింది, చాలా బ్లాకులకు చివరికి ఇనుప స్లీవులే వేశారు. అదే కుటుంబానికి చెందిన లోహంతో పోర్షే 928 ఏళ్ళ తరబడి నడిచింది. లోహం ఒక్కటే గెలిపించదు, ఓడించదు.

జర్మన్ సంస్థ మాలే 1960లలో తెచ్చిన నికసిల్ పూతలో నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిసి ఉంటాయి. పోర్షే దీన్ని 917 పందెపు కారులో, తర్వాత 1973 కరేరా ఆర్‌ఎస్‌లో వాడింది. అద్భుతమైన పూత, కానీ ఇంధనంలో గంధకం దానికి పడదు. 1990లలో బీఎండబ్ల్యూ ఎం60 వీ8 ఇంజన్లలో గంధకం ఎక్కువున్న పెట్రోలు వల్ల పూత చెడి కంపెనీ బ్లాకులు మార్చాల్సి వచ్చింది. జాగ్వార్ వీ8కూ అదే గతి పట్టి, ఆ సంస్థ ఇనుప లైనర్లకు మళ్ళింది. హోండా ఎస్2000 వంటి కార్లలో కార్బన్, అల్యూమినా నారలు కలిపిన అల్యూమినియం గోడ వాడింది. 2007లో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ ఇంజన్‌లో ప్లాస్మాతో కరిగించి చల్లిన ఇనుప పొర మందం 0.15 మి.మీ. మాత్రమే. అంత పలచని పొర బ్లాక్‌తో పాటే సాగుతుంది, వేరుగా కదలడానికి అక్కడ గొట్టమే లేదు. నా దృష్టిలో ఈ సమస్యకు ఇంతవరకు దొరికిన ఉత్తమ పరిష్కారం ఇదే.

కొలత, మరమ్మతు

బోరును పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవాలి. పైకీ కిందికీ తేడా వాలును చూపుతుంది, రెండు దిక్కుల తేడా కోలను. ఒక్క చోట కొలిచి బోరు బాగుందనడం సరికాదు. ఇనుప గోడ అయితే 0.25, 0.50 మి.మీ. వంటి ఓవర్‌సైజ్‌కు తొలిచి పెద్ద పిస్టన్ వేయవచ్చు. పూత గోడలకు, సిలికాన్ గోడలకు ఈ దారి మూసుకున్నట్టే. 2008లో మన దేశంలో విడుదలైన యమహా ఆర్15 సిలిండర్ దాదాపు 20 శాతం సిలికాన్ ఉన్న అల్యూమినియం పోత, అందులో ఇనుప లైనర్ లేదు. దాన్ని మామూలు లేత్ షాపులో రీబోర్ చేసి హోనింగ్ రాయి తిప్పితే గట్టి గింజలు చిట్లిపోయి, మిగిలిన సిలిండర్ కూడా పాడవుతుంది. బండి బోరుకొచ్చిందని మెకానిక్ చెప్పినప్పుడు, పని ఒప్పజెప్పే ముందు లోపలి గోడ ఇనుమా, పూతా, సిలికాన్ పోతా అని అడిగి తెలుసుకోండి.